కరగదు, పోతుంది: డ్రై ఐస్ పెట్టెలతో నా ఉద్యోగం

నా మాట మా కంపెనీలో ఇప్పటిదాకా ఎవరూ వినలేదు. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. రిటైరైనవాళ్ళు తమ అనుభవాలు రాసేటప్పుడు పై అధికారులందరికీ దండాలు పెడుతూ మొదలుపెట్టడం అలవాటు. నేను మొదట్లోనూ పెట్టను, చివర్లోనూ పెట్టను.

ఎల్బీ నగర్ దాటాక హైవే పక్కన ఉన్న ఒక డ్రై ఐస్ ప్లాంటులో డిస్పాచ్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. సరుకు తయారుచేసేది వేరేవాళ్ళు. దాన్ని పెట్టెల్లో సర్ది, బండ్లెక్కించి, దిల్‌సుఖ్‌నగర్ ఐస్‌క్రీం పార్లర్ల నుంచి బాటసింగారం పండ్ల మార్కెట్ దాకా ఎవరికి కావలసింది వాళ్ళకి, అది గాల్లో కలిసిపోకముందే చేర్చడం నా పని. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను కంపెనీని అడిగింది ఒక్కటే. పెట్టె మీద తెలుగులో ఒక చీటీ అతికించండి అని. "మూత బిగించొద్దు. బండి అద్దాలు దించండి." అంతే మాటలు. ఇంగ్లీషులో ఒక చీటీ ఉంది గదా అనేవారు. ఉంది. చీమ తలకాయంత అక్షరాలతో, పెట్టె అడుగున.

నా వీడ్కోలు సభలో శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. "పెట్టెల మీద చీటీ సంగతి" అని మొదలుపెట్టానో లేదో, మా యజమాని మైకు లాక్కుని "భోజనాలు తయారు, అందరూ లేవండి" అన్నారు. ఆ శాలువా బీరువాలో ఉంది. చలికాలం వస్తే మా ఆవిడ సుగుణ బయటికి తీస్తుంది. నేను మళ్ళీ లోపల పెడతాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా చెల్లెలి కొడుకు నరేష్ ఈమధ్యే అదే ప్లాంటులో డ్రైవరుగా చేరాడు. వాడికిచ్చిన బండిలో డ్రైవరు సీటుకీ వెనక సరుకుకీ మధ్య అడ్డు లేదు. ఏసీ మాత్రం ఉంది. వాడు అద్దాలన్నీ మూసి, వెనక పెట్టెలు పెట్టుకుని, పాటలు వింటూ నడుపుతున్నాడు.

"అరేయ్, అద్దం దించుర" అన్నాను.

"గీ ఎండల అద్దం దించుడేంది మామా? ఏసీ ఎందుకిచ్చిన్రు మరి? ఎనుక ఉన్నది ఐసే గదా, బాంబా ఏంది?"

ఐసే గదా. ఈ మాట మీదనే నా ఉద్యోగమంతా పోట్లాటగా గడిచింది.

పేరులోనే ఉంది మోసం

మామూలు ఐసు అంటే గడ్డకట్టిన నీళ్ళు. సున్నా డిగ్రీలు దాటితే మళ్ళీ నీళ్ళవుతుంది. డ్రై ఐస్‌లో నీటి చుక్క లేదు. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు. మనం ఊపిరి వదిలినప్పుడు బయటికొచ్చే గాలి, సోడా బుడగల్లో ఉండే గాలి. దాన్ని ఒత్తిడి పెట్టి, చల్లబరిచి దిమ్మలు చేస్తారు. సున్నాకి కింద డెబ్భై ఎనిమిది డిగ్రీల చలిలో ఉంటుంది. వేడి తగిలితే నీళ్ళు కాదు. గట్టిగా ఉన్నది ఒక్క గెంతులో గాలైపోతుంది. బడిలో దీన్ని ఉత్పతనం అని చదువుకున్నాం. నాకు అప్పుడు అర్థం కాలేదు. బీరువాలో బట్టల మధ్య పెట్టే కలరా ఉండలను చూడండి, కొన్నాళ్ళకు చిన్నవైపోతాయి, చీరలు మాత్రం తడవవు. ఇదీ అంతే, కాకపోతే చాలా తొందరపాటు మనిషి.

అలాంటిదానికి ఐసు అని పేరు పెట్టి జనంలోకి వదిలారు. ఐసు అనగానే మనవాళ్ళకు తెలిసిన పనులు కొన్ని ఉన్నాయి. మూత గట్టిగా పెట్టాలి. గాలి తగలనివ్వకూడదు. ఒక ముక్క విరిచి నోట్లో వేసుకోవాలి. డ్రై ఐస్ దగ్గర ఈ మూడూ ప్రమాదమే. మూత బిగించిన సీసాలో వేస్తే గాలికి దారిలేక సీసా పగులుతుంది. తలుపులు మూసిన గదిలోనో బండిలోనో పెడితే ఆ గ్యాసే నిండి మనకు ఊపిరాడదు. నోట్లో వేసుకుంటే నాలుక కాలినట్టు బొబ్బలెక్కుతుంది. అందుకే మా దగ్గర చేతికి మందపాటి తొడుగులు లేకుండా ఎవర్నీ దిమ్మ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. దానికీ నన్ను చాదస్తం మనిషి అన్నారు. ఎవరన్నారో గుర్తుంది.

తడిపిన గోనెసంచి

దిల్‌సుఖ్‌నగర్‌లో శేఖర్ అని పెళ్ళి డెకరేషన్లు చేసే మనిషి ఉండేవాడు. మంచివాడు, మాటకారి. రిసెప్షన్‌లో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నడిచివస్తుంటే కాళ్ళ దగ్గర తెల్లటి పొగ పారాలి. దానికోసం మా దగ్గర డ్రై ఐస్ తీసుకునేవాడు. వేడినీళ్ళ డ్రమ్ములో ముక్కలు వేస్తే చాలు, పొగ పుడుతుంది. నిజానికి ఆ తెల్లగా కనబడేది కార్బన్ డయాక్సైడు కాదు. ఆ చలికి గాల్లో ఉన్న తడి చిన్న చిన్న నీటిబొట్లయి మంచులా కనబడుతుంది. అసలు గాలి కంటికి కనబడదు. మామూలు గాలికంటే బరువు కాబట్టి నేలమీద పరుచుకుంటుంది.

మొదటిసారి శేఖర్ సరుకు తీసుకుపోయి, సాయంత్రం దాకా నిలవాలని తనకు తెలిసిన పద్ధతే చేశాడు. మన దగ్గర ఐసు దిమ్మ తెస్తే ఏం చేస్తాం? గోనెసంచిలో చుట్టి పైన నీళ్ళు చల్లుతాం. సంచి తడిగా ఉంటే లోపలి దిమ్మ ఆగుతుందని. అతను పెట్టెలోంచి దిమ్మలు తీసి, గోనెలో చుట్టి, వంటల దగ్గర పెట్టి, ఒక బిందె నీళ్ళు కుమ్మరించాడు.

అంత చలిలో ఉండే డ్రై ఐస్‌కి మామూలు నీళ్ళు కూడా మరిగే నీళ్ళతో సమానం. వేదిక మీద రావలసిన పొగంతా వంటల దగ్గర లేచింది. వంటవాళ్ళు గరిటెలు వదిలి పరిగెత్తారు. ఒకాయన బిర్యానీ హండీ మాడిందనుకుని ఇంకో బిందె నీళ్ళు తెచ్చి అక్కడే పోశాడు. వధూవరులు వచ్చే వేళకి సంచి ఉంది, లోపల ఏమీ లేదు.

శేఖర్ నాకు ఫోన్ చేసి అరిచాడు. "ఏం సార్, గిట్లనా ఇచ్చేది? మీ ఐసు మొత్తం కరిగిపోయింది!"

"కరిగితే నీళ్ళుండాలె గదా శేఖర్. నీళ్ళున్నయా?"

"ఉన్నయి! సంచంత నీళ్ళే!"

"గా నీళ్ళెక్కడివి?"

అరుపు తగ్గించి అన్నాడు. "నేనే పోసిన."

తర్వాత అతను నాకు మంచి స్నేహితుడయ్యాడు. డ్రమ్ము దగ్గర పిల్లల్ని కూచోబెట్టొద్దని, హాలు తలుపులు తీసి ఉంచాలని నేను చెబితే విన్న ఒకే ఒక్క కస్టమరు అతను. మా కంపెనీలో అంత వినికిడి ఉన్నవాళ్ళు లేరు.

'పోయింది' అనే మాట

మా డిస్పాచ్‌లో కరిగింది అనే మాట నేను నిషేధించాను. కరిగింది అనుకున్నవాడు నీళ్ళకోసం చూస్తాడు. నీళ్ళు కనబడకపోతే అంతా బాగానే ఉందనుకుంటాడు. అసలు ప్రమాదం ఆ బాగానే ఉందనుకోవడంలో ఉంది. పోయింది అనండి, ఎక్కడికి పోయింది అని వెంటనే అడగాలనిపిస్తుంది, జవాబు మీరు పీల్చే గాల్లోకి అని.

ఇందులో ఒక ఇబ్బంది లేకపోలేదు. హయత్‌నగర్‌లో సీతమ్మ గారని ఒకావిడకి ఐస్‌క్రీం పార్లరు ఉండేది. ఒకరోజు ఆవిడకి సరుకు పంపిన పెట్టెకు పగులు ఉండి, చేరేసరికి ఖాళీ అయింది. మా యజమానికి ఫోన్ చేశాను.

"సార్, సీతమ్మ గారిది మొత్తం పోయింది."

ఆయన కంగారులో మొదటి మాటా చివరి మాటా మాత్రమే విన్నట్టున్నారు. "అయ్యయ్యో! సీతమ్మ గారు పోయారా? ఎప్పుడండీ? మొన్ననేగా మాట్లాడాను!"

"ఆమె బాగనే ఉన్నది సార్. మనల్ని తిడుతున్నది."

ఆయన ఈ సంగతి అందరికీ చెప్పి నవ్వించారు. నా నిషేధం ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

యజమాని ప్రసాదరావు గారు

ఆయనది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి ఈ ప్లాంటు పెట్టారు. చెప్పవలసినవి చెబుతాను. జీతం ఆలస్యం చేయలేదు. పనివాళ్ళ ఇంట్లో జబ్బుచేస్తే దవాఖానకు తానే వచ్చేవారు. డ్రై ఐస్ గురించి నాకు తెలిసినదంతా ఆయన నేర్పిందే. కొత్తవాడు చేరితే స్టీలు పళ్ళెంలో రెండు ముక్కలు పెట్టించేవారు, ఒకటి మామూలు ఐసు, ఒకటి మాది. భోజనం చేసి వచ్చేసరికి ఒకచోట నీటి మడుగు, ఇంకోచోట పొడి పళ్ళెం. "చూశారా, ఇది చెప్పకుండా వెళ్ళిపోయే చుట్టమండీ" అనేవారు. బకెట్లో వేస్తే మామూలు ఐసు తేలుతుంది, మాది మునిగి బుడబుడలాడుతుంది. అదీ చూపించేవారు. అంత తెలిసిన మనిషి చీటీ దగ్గరికొచ్చేసరికి మొండికేశారు.

"పెట్టె మీద ప్రమాదం అని రాస్తే ఎవరు కొంటారండీ?" అన్నారు మొదట. ప్రమాదం అనే మాట తీసేసి అడిగాను. "అందంగా ఉండదు" అన్నారు. రంగులు వేయించి చూపించాను. చివరికి నాకు చీటీ గారు అని పేరు పెట్టారు. ఫోన్లో కూడా "చీటీ గారు ఉన్నారా?" అని అడిగేవారు. ఊరికే నవ్వుకోవడానికే అని తెలుసు. నేను నవ్వలేదని కూడా ఆయనకు తెలియాలి.

పెసరట్టు మీద నెపం

నేను చెప్పదలచుకున్న అసలు కథ ఇది. మండు వేసవి. హయత్‌నగర్‌లో ఒక కొత్త పార్లరు ప్రారంభం. ప్రసాదరావు గారిని ముఖ్య అతిథిగా పిలిచారు, సరుకూ మాదే. వ్యాను రిపేరులో ఉంది. ఆయన కొత్త కారు కొన్న రోజులవి. "మన కార్లోనే తీసుకెళ్దాం" అన్నారు. డ్రైవరు యాదయ్య నల్గొండ మనిషి, నాలాగే. పక్క సీట్లో నేను. వెనక సీట్లో ప్రసాదరావు గారు, ఆయన పక్కన బొకేతో పాటు ఒక పెద్ద పెట్టె, ఆయన కాళ్ళ దగ్గర ఇంకోటి. అద్దాలు మూసి ఉన్నాయి. బయటిగాలి రాకుండా ఏసీ తిప్పి పెట్టారు.

ప్లాంటు గేటు దాటి హైవే ఎక్కకముందే నా వైపు అద్దం దించాను.

"రామచంద్రం గారూ, అదేంటండీ? నిప్పులు కురుస్తుంటే అద్దం దించుతారు?"

"సార్, లోపల గ్యాసు నిండుతది. రెండు పెట్టెలున్నయి."

"అబ్బా, మళ్ళీ చీటీ పురాణం. పది నిమిషాల దారండీ. ఎత్తండి బాబూ, చొక్కా తడిసిపోతోంది."

ఎత్తాను. యజమాని కారు, యజమాని చొక్కా.

వనస్థలిపురం దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. పది నిమిషాల దారి సాగింది. యాదయ్య ఆవులించాడు. మళ్ళీ ఆవులించాడు. "సారూ, తలకాయ బరువైతాంది. ఊపిరి ఆడతలేదు" అని నాకు మాత్రం వినబడేట్టు అన్నాడు. నాకూ కణతలు కొట్టుకుంటున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే ప్రసాదరావు గారు కాలరు గుండీ విప్పుకుంటున్నారు. మొహం నిండా చెమట. పరిగెత్తి వచ్చినవాడిలా రొప్పుతున్నారు.

"రామచంద్రం గారూ... గుండె దడదడలాడుతోందండీ. ఇదేదో... మా ఆవిడకి ఫోన్ చెయ్యండి."

"యాదయ్యా, పక్కకు తియ్యి. తలుపులు తెరువు, అన్నీ!"

వెనక హారన్లు తిడుతున్నా పట్టించుకోకుండా అతను కారు పక్కకు లాగాడు. నాలుగు తలుపులూ బార్లా తీశాం. చెరుకు రసం బండి పక్కన స్టూలు మీద ఆయన్ని కూచోబెట్టాం. పెట్టెలు కిందికి దించాను. ఆ బండాయన గ్లాసు పట్టుకుని "మంచిగ ఊపిరి తీస్కో సారూ, ఏం గాదు" అంటూ విసనకర్రలా అట్టముక్క ఊపాడు. కాసేపటికి ఆయన మొహానికి రంగు వచ్చింది. ఊపిరి నిమ్మళించింది. తెల్లవారి పేపర్లో శ్రద్ధాంజలి కింద ముగ్గురి ఫోటోలు పడవలసిన రోజది, చెరుకు రసంతో గడిచిపోయింది.

అయినా గుండె కదా, ఆలస్యం చేయకూడదని అన్ని అద్దాలూ దించుకుని దగ్గర్లో ఉన్న దవాఖానకు తీసుకుపోయాం. పెట్టెలు చెరుకు రసం బండి దగ్గరే, నీడలో. ఈసీజీ తీశారు, బాగుంది. కుర్ర డాక్టరు, పాపం మర్యాదగా అడిగాడు. "పొద్దున్న ఏం తిన్నారండీ?"

"పెసరట్టు. ఉప్మాతో. రెండు."

"అయితే గ్యాస్ అయ్యుండొచ్చు."

"గ్యాసే డాక్టర్ గారూ" అని నేను ముందుకొచ్చాను. "కాని కడుపులది కాదు..."

"మీరు ఊరుకోండి" అన్నారు ప్రసాదరావు గారు. చేతితో నన్ను తలుపు వైపు తోశారు కూడా. డాక్టరుకు పెట్టెల సంగతి తెలిసే దారే లేకుండా పోయింది.

బయట వరండాలో యాదయ్య నా చెవిలో అన్నాడు. "సారూ, నేను పెరుగన్నం తిని వచ్చిన. మరి నా తలకాయ ఎందుకు తిరిగింది?" ఈ ప్రశ్న నేను యజమాని ముందు చాలాసార్లు పెట్టాను. ఆయన పెసరట్టు తినడం మానేశారు. మానేశారంటే ఊరికే కాదు, ప్లాంటులో ఎవరు డబ్బా తెరిచినా "పెసరట్టు జాగ్రత్తండోయ్, నన్ను చంపినంత పని చేసింది" అంటూ కథ చెప్పేవారు. అందరూ నవ్వేవాళ్ళు. చెప్పొద్దూ, బాగా చెబుతారు. స్టూలు మీద కూచున్న తీరు, అట్టముక్క ఊపడం, అన్నీ నటించి చూపిస్తారు. పెట్టెలు మాత్రం ఆ కథలో ఉండవు.

ఆయన తెలివితక్కువవాడని నేనెప్పుడూ అనుకోలేదు. పళ్ళెంలో రెండు ముక్కలు పెట్టి అందరికీ పాఠం చెప్పే మనిషి తన పక్క సీట్లోనే ఆ పాఠం మరిచిపోయానని ఎలా ఒప్పుకుంటాడు? పాపం పెసరట్టుకి నోరు లేదు కాబట్టి సరిపోయింది. నాకు ఉంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి

ఒక చిత్రం చెబుతాను. షేర్ ఆటోలో కాళ్ళ మధ్య పెట్టె పెట్టుకుని తీసుకుపోయిన చిన్న వ్యాపారులకు నాకు తెలిసి ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆటోకి తలుపులుండవు. ఏసీ కార్లలో వచ్చినవాళ్ళనే నేను ఆపి మరీ చెప్పవలసి వచ్చేది. కాబట్టి బండికి ఏసీ ఉందని గర్వపడకండి. అద్దాలు దించండి, చెమట పట్టనివ్వండి.

పెట్టె మూత ఊరికే ఆనించండి, టేపు చుట్టొద్దు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెడితే ఆగుతుందనుకోకండి, ఆ ఫ్రీజరు దీని ముందు పొయ్యి లాంటిది. సెల్లార్లలో దించేటప్పుడు ఇంకా జాగ్రత్త, ఆ గాలి కిందికే చేరుతుంది. మిగిలిన ముక్కల్ని మురుగు మోరీలో పడెయ్యకుండా, పిల్లల చేతికి అందనిచోట ఆరుబయట వదిలేస్తే వాటి దారిన అవే పోతాయి. కస్టమరు పెట్టె తెరిచి తక్కువైందని తిడితే పడండి. దారిలో కొంత తగ్గుతుందని ముందే చెప్పడం మీ పని. అతను మరిచిపోవడం అతని హక్కు.

అన్నిటికన్నా ముఖ్యం ఒకటి. పెట్టె పక్కన ఉండగా ఊపిరి ఎక్కువగా ఆడినా, తల నొప్పిగా, మత్తుగా ఉన్నా, ఏం తిన్నానా అని ఆలోచిస్తూ కూచోకండి. ముందు తలుపు తెరిచి బయటికి దిగండి. తిన్నదాని గురించి తర్వాత ఆలోచించవచ్చు, అప్పటికి మీరు ఉంటారు.

నరేష్ అడిగిన ప్రశ్న

ఇవన్నీ మా మేనల్లుడికి చెప్పాను. నా చేత్తోనే పెద్ద అక్షరాలతో చీటీ రాసి వాడి బండి అద్దానికి అతికించాను. మర్నాడే ప్లాంటులో పీకేశారు. బయటి చీటీలు బండికి అంటించొద్దన్నారట. సరే, చీటీ లేకపోతే పాయె, నా మాటైనా విను అన్నాను. పెసరట్టు రోజున ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పాను.

వాడు నవ్వాడు. "గా కథ ప్లాంటుల అందరికి ఎరుకే మామా. నేను చేరిన రోజే చెప్పిన్రు. పెద్దసారు పెసరట్టు తిని పరేషానైండంట. నువ్వేమో పెట్టె అంటున్నవ్. ఇద్దర్ల ఎవరి మాట నమ్మాలె? కారు ఆయనది, గుండె ఆయనది. ఆయనకు ఎరుక ఉండదా?"

సుగుణ వంటింట్లోంచి అంది, "ఏందయ్యా, వానికేమన్న చెప్పు."

వాడు అడిగినదాంట్లో తప్పులేదు. వాడు తాళం చెవి తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. మా వీధి చివర మలుపు తిరిగేదాకా వాడి బండిని చూశాను. అద్దాలు ఎత్తే ఉన్నాయి.

ప్రసాదరావు గారూ, మీరు ఇప్పటికీ రోజూ పేపరూ, ఇలాంటివీ చదువుతారని తెలుసు. చీటీ గారు అని పిలిచినందుకు నేనేమీ అడగడం లేదు. మైకు లాక్కున్న సంగతీ పక్కన పెడతాను, మరిచిపోను గాని పక్కన పెడతాను. నాకు జవాబు చెప్పమని కూడా అడగను, నాకు తెలుసు కాబట్టి. మీ ప్లాంటులో నరేష్ అనే కుర్రాడు పొద్దున్నే లోడు ఎత్తుకుంటాడు. నా మాట నమ్మడు, మీ మాట నమ్ముతాడు. ఆ రోజు కార్లో మీకు ఊపిరాడనిది దేనివల్లో వాడితో మీ నోటితో చెప్పండి. వాడు అద్దాలు ఎత్తి బండి స్టార్ట్ చేసేలోపు చెప్పండి.